కొత్త కాగితానికి వృద్ధాప్య యోగం

తల నెరిస్తే రంగేస్తాం, గోడ మాస్తే వెల్ల వేయిస్తాం. కాగితం తెల్లగా ఉంటే మాత్రం కొందరు ఓర్చుకోలేరని నాకు ఈ మధ్యే తెలిసింది. మా అమ్మాయి గ్రీటింగ్ కార్డులు చేయడం నేర్చుకుంటోంది. నిన్నగాక మొన్న కొన్న కాగితం, యాభై ఏళ్లు అటక మీద పడి ఉన్నట్టు కనిపించాలి. ఇదీ ఆ విద్యలో మొదటి పాఠం.

ఇందుకు వాడే సరుకు డిస్ట్రెస్ ఇంక్. టిమ్ హోల్ట్జ్ అనే క్రాఫ్ట్ డిజైనర్ పేరు మీద న్యూజెర్సీలోని రేంజర్ కంపెనీ తయారుచేస్తుంది. మనకు డిస్ట్రెస్ అనే మాట ఫ్లాట్ల ప్రకటనల్లో పరిచయం. డిస్ట్రెస్ సేల్ అంటే ధర తగ్గినట్టు. ఇక్కడ పెరిగినట్టు.

రంగుల పేర్లు చదివితే మా ఇంటి మరమ్మతుల జాబితా చదివినట్టే ఉంది. రస్టీ హింజ్, అంటే తుప్పుపట్టిన మడతబందు. మా బాత్రూం తలుపుకి రెండున్నాయి. బ్లాక్ సూట్, అంటే మసి. పీల్డ్ పెయింట్, అంటే పెచ్చులూడిన రంగు. మా బాల్కనీ గ్రిల్లు సరిగ్గా ఆ ఆకుపచ్చే. ఓల్డ్ పేపర్ అని కూడా ఒకటుంది. కొత్త పేపరుకి ఓల్డ్ పేపర్ పూస్తారన్నమాట.

అసలు విశేషం కాగితం ఎంపికలో ఉంది. మామూలు కాగితం పచ్చబడేది అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం గాలికీ వెలుతురుకీ మారిపోవడం వల్ల. ఆ బెడద లేకుండా లిగ్నిన్ తీసేసిన, ఆమ్లం లేని కాగితం ఏరి కొంటారు. ఏళ్లు గడిచినా పచ్చబడదన్న భరోసాకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి, ఇంటికి తెచ్చిన అరగంటలో తామే పచ్చబరుస్తారు.

పని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది, ఒప్పుకోవాలి. చిన్న స్పాంజికి సిరా అద్ది, కాగితం మీద కాకుండా కింద పరిచిన మ్యాటు మీద మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ అంచు మీంచి లోపలికి తేవాలి. తిన్నగా కాగితం మీద పెడితే వడియంలా మరక పడుతుంది. ఈ సిరా చప్పున ఆరదు కాబట్టి రంగులో రంగు కలుస్తుంది. పైన నాలుగు నీటిచుక్కలు చల్లి, కాసేపాగి టిష్యూతో అద్దితే, చుక్క పడినచోటల్లా రంగు వెలిసి మచ్చ తేలుతుంది. మే నెలలో విజయవాడలో ఈ నీళ్లు చల్లే పని అక్కర్లేదు. నుదుటి చెమట చాలు.

ఇది చాలదన్నట్టు 2017లో ఆక్సైడ్ అనే తమ్ముణ్ణి దించారు. అందులో నీళ్లలో కరిగే రంగు, అంటే డైతో పాటు, కరగని రంగుపొడి, అంటే పిగ్మెంటూ ఉంటుంది. నీళ్లు తగిలితే సున్నం పూసినట్టు తెల్లబారుతుంది. మా బకెట్లకి బోరునీళ్లు ఈ సేవ ఏళ్ల తరబడి ఉచితంగా చేస్తున్నాయి.

మా అత్తగారు ఇదంతా గుమ్మంలో నిలబడి చూశారు.

"ఏమే, అంచులకి పచ్చరంగు పూయడానికి ఇంత తతంగమా? చిటికెడు పసుపు తడిపి నాలుగు మూలలా రాస్తే పోయేదిగా!"

"అది శుభలేఖకి, అమ్మమ్మా."

"దీనికేం, అశుభమా?"

మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. పసుపు ఎండ తగిలితే వెలిసిపోతుందని నేను అందుకోబోయాను. వెలిసిపోవడమే కదా వీళ్లకి కావలసింది అని తోచి నోరు మూసుకున్నాను.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. అద్దె కోసం ఇంటి ఓనరు. గ్రిల్లుకి రంగు వేయించమని మూడేళ్లుగా ఆయన్ని బతిమాలుతున్నాం. నేను తలుపు తీసే ముందు పీల్డ్ పెయింట్ డబ్బీ తీసి మంచం కిందకి తోసేశాను. పెచ్చులూడిన రంగుకి ఇంత ధర పలుకుతుందని తెలిస్తే అద్దె పెంచడూ!