సన్నబడిన రూపం కాదు, ఆ దారిలో వచ్చే అడ్డంకులు ఊహించుకోండి

"కళ్ళు మూసుకోండి. పది కిలోలు తగ్గిపోయినట్టు ఊహించుకోండి. మిగతాది విశ్వమే చూసుకుంటుంది." ఈ మధ్య మా అనంతపురంలో ఏ ఇంటి వాట్సాప్ గ్రూపు చూసినా ఇవే వీడియోలు. నాకు నిజంగా కోపం వస్తోంది.

ఊహించుకోవడం తప్పని అనను. దానికి బలముంది. ఏది ఊహించుకుంటున్నామన్నదే ముఖ్యం. గాబ్రియేల్ ఓటింగెన్, థామస్ వాడెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళలను ఏడాది పాటు గమనించి, 1991లో ఫలితాలు ప్రచురించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్ళు బాగా తగ్గారు. అంతా సులువుగా జరిగిపోయినట్టు తియ్యటి కలలు కన్నవాళ్ళు మాత్రం తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. గెలిచేసినట్టు మనసు ముందే సంబరపడితే, ఇక కాళ్ళు కదలాల్సిన పనేముంది?

1999లో ఫామ్, టేలర్ అనే పరిశోధకులు విద్యార్థుల మీద చేసిన అధ్యయనమూ అదే దారి చూపించింది. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ళ కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్ళే ఎక్కువసేపు చదివారు, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

మరి మనం ఏం ఊహించుకోవాలి? పొద్దున హోటల్లో పక్కవాళ్ళ ప్లేటులో ఉగ్గాని, బజ్జీ. పెండ్లిలో రెండో ఓళిగ వేసి, పైన నెయ్యి పోసి, "తినకపోతే నా మీద ఒట్టు" అనే చిన్నత్త. ఆ క్షణంలో నోట ఏ మాట రావాలో ఇంట్లో ఉన్నప్పుడే అనుకోవాలి. ఇక ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్నే సుర్రుమంటుంది. ఎనిమిదింటికి నడుద్దాంలే అనుకున్న వాకింగ్ ఆ నెలలోనే ఆగిపోతుంది.

మా పెద్దమ్మకు షుగర్. మొన్న ఆమెను "నడకకు నీకు అడ్డమేంది?" అని అడిగినా. "బద్ధకం కాదు పాపా, తెల్లారకముందు ఆ సందులో కుక్కలు" అనింది. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరం ఆమెకు పట్టుదల లేదనే మాట్లాడుకున్నాం! ఇప్పుడు ఎదురింటామె ఆమెకు తోడు వెళ్తోంది. వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అరగంట చొప్పున అయిదు రోజులు. ఆ అరగంటకు దారి చేసింది ఆ తోడే.

లక్ష్యం కూడా మనదై ఉండాలి. ఫోన్‌లో కనిపించే ఎవరిదో నడుము మనకెందుకు? గుత్తి కోట ఎక్కాలనుకోండి. ఏ మలుపులో ఆయాసం వస్తుందో, అక్కడ ఎంతసేపు కూర్చుని మళ్ళీ లేస్తారో, అది కూడా ఊహించుకోండి.

అన్నిటికన్నా భయపెట్టేది మరొకటుంది. "నమ్మకం ఉంటే మాత్రలతో పనిలేదు" అనే వీడియోలు. షుగర్, బీపీ ఊహలతో దిగవు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు మన కలలతో సంబంధం లేదు. మాత్ర తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. అలాంటి వీడియో మీ ఇంటి గ్రూపులోకి వస్తే ఊరకుండొద్దు, ఈ మాట దాని కిందే రాయండి. మీ నాయన, మీ అత్త అది చదువుతారు.