ఢిల్లీలో బాగున్నవన్నీ బయటే, బయటికెళ్లే రోజులే తగ్గిపోతున్నాయి

మా పిన్ని మొన్న ఫోన్ చేసి సంక్రాంతి సెలవలకి పిల్లల్ని తీసుకుని ఢిల్లీ వస్తాం రా, చలికాలం కదా తిరగడానికి హాయిగా ఉంటుంది అంది. వద్దు పిన్నీ, జనవరిలో ఇక్కడ గాలి అస్సలు బాగోదు, ఫిబ్రవరి సగం దాటాక రండి అన్నా. అప్పుడు స్కూళ్లుంటాయి కదరా అని కాస్త నొచ్చుకుంది. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, ఈ ఊరంటే నాకు నిజంగా ఇష్టం, అయినా మనవాళ్లు వస్తామంటే క్యాలెండర్ చూసి గానీ రమ్మనలేకపోతున్నా, ఢిల్లీ అసలు సమస్య ఇదే అనిపిస్తోంది.

ఎందుకంటే ఇక్కడ గొప్పగా ఉన్నవి దాదాపు అన్నీ ఆరుబయటే. మాల్స్ ఏ ఊళ్లో అయినా ఉంటాయి, లోధీ గార్డెన్ ఎక్కడుంది చెప్పండి? 90 ఎకరాలు, టికెట్ లేదు, పొద్దున్నే వెళ్తే 15వ శతాబ్దపు గుమ్మటాల నీడలో ఒకాయన ప్రాణాయామం చేస్తుంటాడు, బడా గుంబద్ దగ్గర కాలేజీ పిల్లలు కూర్చుని నోట్స్ చదువుకుంటుంటారు, ఆదివారం అయితే దుప్పట్లు పరిచి పరాఠాల డబ్బాలు విప్పే కుటుంబాలు. లక్షల జీతగాడికీ రోజు కూలీకీ అదే గడ్డి. ఇంకొంచెం ముందుకెళ్తే హుమాయూన్ సమాధి, పక్కనే సుందర్ నర్సరీ అనే పార్కు, ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు ఏళ్ల తరబడి బాగుచేసి 2018లో తెరిచారు. ఆదివారం మహిళా హాట్‌లో పాత పుస్తకాలు కిలోల లెక్కన తూచి ఇస్తారు (దర్యాగంజ్ ఫుట్‌పాత్ బజారే, 2019లో ఇక్కడికి మార్చారు). తర్వాత ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో క్యూ కట్టి కూర్చుంటే ఎదురుగా ఎవరో పంజాబీ కుర్రాడు పొడిలో నెయ్యి ఎంత పోసుకోవాలో పక్కవాళ్లని చూసి నేర్చుకుంటుంటాడు.

మెట్రో గురించి కూడా చెప్పాలి, అది లేకపోతే ఈ ఊళ్లో బతుకు ఇంకోలా ఉండేది. 2002 డిసెంబర్‌లో షాహదరా నుంచి తీస్ హజారీ దాకా 8 కిలోమీటర్ల చిల్లరతో మొదలైంది, ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్ లైన్లు కలిపితే 390 కిలోమీటర్లకి పైనే. మా ఆవిడ రాత్రి తొమ్మిదిన్నరకి ఒక్కతే లేడీస్ కోచ్‌లో వస్తుంది, నాకు ఆ ముప్పావుగంట గురించి భయం లేదు, స్టేషన్ దిగి ఇంటికొచ్చే పది నిమిషాల గురించే భయం. లైట్లు లేని ఆ సందు బాగుచేయడం మెట్రో కట్టడమంత కష్టం కాదు, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇక గాలి సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ మాడ్చేస్తుంది, ఆ తర్వాత ఉక్క, సరే అది వాతావరణం. తిరగాల్సిన కాలం చలికాలం, సరిగ్గా అప్పుడే ఊపిరాడదు. 2024 నవంబర్ 18న గాలి ఎంత పాడైందో చెప్పే సూచీ, ఏక్యూఐ, 494కి వెళ్లింది, మన స్కేలే 500తో అయిపోతుంది. స్కూళ్లు ఆన్‌లైన్ అయ్యాయి, మా చిన్నది కిటికీ దగ్గర నిలబడి ఎదురు బిల్డింగ్ కనపడ్డం లేదు నాన్నా అంది, అది మంచు అనుకుంది. మంచుకి కాలిన వాసన ఉండదు కదా. తప్పంతా పంజాబ్, హర్యానా రైతులదే అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి, గడ్డి మంటలు ముఖ్యంగా అక్టోబర్, నవంబర్‌లోనే, మరి జనవరిలో ఎందుకు ఇలా ఉంటోంది? మన బళ్లు, రోడ్ల దుమ్ము, ఫ్యాక్టరీలు, చెత్త మంటలు ఏడాది పొడుగునా ఉండేవే, చలికి గాలి కదలక అదంతా మూత పెట్టినట్టు ఊరి మీదే ఉండిపోతుంది. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దూరిపోయే సన్నటి ధూళి, ఏడాది సగటు ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రభుత్వమే పెట్టుకుంది, డబ్ల్యూహెచ్‌ఓ అయితే 5 అంటుంది, ఢిల్లీ 100 చుట్టూ తిరుగుతోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఈ ఊళ్లో అందరిదీ అయినది పోయి కొనుక్కునేది వస్తోంది. మా ఇంట్లో రెండు ప్యూరిఫయర్లున్నాయి, కొన్నందుకు తప్పు చేశానని అనను, పిల్ల దగ్గుతుంటే ఎవరైనా కొంటారు. కానీ లోధీ గార్డెన్ అందరికీ ఇచ్చిన ఊరు గాలిని మాత్రం గదిలో పెట్టి తలుపేసుకోగలిగిన వాళ్లకే ఇస్తోంది. ఆటో అన్నకి, కూరగాయల బండి ఆవిడకి తలుపే లేదు.

చేయలేమని మాత్రం అనకండి. 1998లో సుప్రీంకోర్టు ఆర్డర్ ఇస్తే, ఎంత గొడవ జరిగినా, 2002 చివరికల్లా సిటీ బస్సులు సీఎన్‌జీకి మారాయి. అప్పుడు ఏ బస్సు, ఏ తేదీలోపు అని లెక్క ఉంది. ఇప్పుడు ఏక్యూఐ పెరిగాక కాలుష్య ఆంక్షల్లో స్టేజ్ త్రీ, స్టేజ్ ఫోర్ అని కట్టడాల పనులాపేస్తారు, గాలి వీచి కాస్త తగ్గగానే ఎత్తేస్తారు, అంటే రోగం ముదిరాకే మందు. బస్సులు పెంచడం, చెత్త తగలబెట్టకుండా చూడటం లాంటివి మార్చి నుంచే మొదలవ్వాలి, నవంబర్‌లో కాదు.

చిన్నవి కూడా ఉన్నాయి. రాత్రి చలికి తట్టుకోలేక వాచ్‌మెన్‌లు గేటు దగ్గర అట్టముక్కలు, ప్లాస్టిక్, ఏది దొరికితే అది కాలుస్తారు, వాళ్లని ఏమంటాం, అలా కాల్చాల్సిన అవసరం రాకుండా కాలనీల వాళ్లే ఎలక్ట్రిక్ హీటర్లు ఇవ్వాలని రూల్సులోనే ఉంది. మా కాలనీలో నాలుగు గేట్లుంటే పోయినేడు ఒక్క గేటుకి ఇచ్చారు. మిగతా మూడింటికీ దీపావళి లోపే ఇప్పించాలని సంతకాలు తీసుకుంటున్నాం, నిన్నటికి 41 ఇళ్లు అయ్యాయి.