టాటూ స్టూడియోల అహంకారం నశించాలి

తెలుగు వినియోగదారుడికి ఈ గడ్డ మీద ఒక మర్యాద ఉంది. చీరల షాపులో తెల్ల పరుపు మీద కూర్చుని ఎనభై చీరలు విప్పించి, చివరికి "మళ్ళీ వస్తాం" అని లేచినా షాపువాడు నవ్వుతూనే సాగనంపుతాడు. ఆవకాయ రోజుల్లో బండి దగ్గర కాయ కోయించి, ముక్క నమిలి, పులుపు చాల్లేదని పక్క బండికి పోయినా ఎవరూ ఏమీ అనరు. ఇంతటి వైభవం చూసిన జాతిని ఈ మధ్య హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కొన్ని టాటూ స్టూడియోలు బాహాటంగా అవమానిస్తున్నాయి. అసెంబ్లీలో దీని గురించి ఒక్కరూ నోరు విప్పలేదు కాబట్టి ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

అవమానం గుమ్మంలోనే మొదలవుతుంది. డబ్బు జేబులో పెట్టుకుని వెళ్ళిన మనిషిని పట్టుకుని "అపాయింట్‌మెంట్ ఉందా?" అని అడుగుతారు. లేదంటే మూడు వారాల తర్వాతి తేదీ ఇస్తారు. ఈలోగా ఒకసారి వచ్చి డిజైన్ గురించి మాట్లాడమంటారు. జనం నిండిన క్లినిక్ చూసి మంచి డాక్టరని, క్యూ ఉన్న బండి చూసి మంచి ఇడ్లీ అని నమ్మే మనం, ఖాళీ లేని టాటూ ఆర్టిస్టును మాత్రం పొగరుబోతు అంటాం. అనాలి కూడా. ఒకసారి ఊరుకుంటే అలవాటైపోతుంది.

తర్వాత ఒక ఫారం చేతికిస్తారు. షుగర్ ఉందా? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా లేస్తుందా? ఎలర్జీలున్నాయా? పొద్దున టిఫిన్ తిన్నారా? రాత్రి ఏమైనా తాగారా? పద్దెనిమిదేళ్ళు నిండినట్టు ఆధార్ కూడా చూపించాలి. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు కూడా మనవాళ్ళు ఇన్ని అడగరు. (అడిగితే బాగుండేదని అనుకునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు, అది వేరే సంగతి.) మా బామ్మర్ది తన పుట్టినరోజు నాడు నలుగురు స్నేహితులతో కాస్త హుషారుగా వెళ్తే, వాసన పసిగట్టి "రేపు రండి సార్" అని పంపేశారు. మందు మీదుంటే రక్తం ఎక్కువ కారుతుందట, ఇంకు సరిగా పట్టదట. సరే, ఒప్పుకుందాం. కానీ హుషారులో లేనివాడు మెడ మీద డ్రాగన్ వేయించుకుంటాడా? ఈ మౌలికమైన ప్రశ్నకు ఆ స్టూడియో దగ్గర సమాధానం లేదు.

అతను మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, పట్టుదల గల మనిషి. కోరిక కూడా పెద్దదేం కాదు. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత జాగాలో ఒక నెమలి, ఒక త్రిశూలం, కూతురి పేరు, దాని కింద పుట్టినతేదీ. ఆర్టిస్టు కాగితం మీద రెండు గీతలు గీసి చూసుకుని "ఇంత చిన్నగా కుదరదు" అన్నాడు. పైగా పాఠం మొదలుపెట్టాడు. సూది ఇంకును చర్మం పైపొర దాటించి, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో వదలాలట. అంతకన్నా పైన పడితే చర్మం రాలేటప్పుడు ఇంకూ రాలిపోతుంది, మరీ లోతుకు దిగితే గీత చుట్టూ నీలంగా పాకుతుంది. అన్నీ సరిగ్గా కుదిరినా ఏళ్ళు గడిచేకొద్దీ ప్రతి గీతా, మనలాగే, కొద్దికొద్దిగా లావెక్కుతుంది. పాప పేరు ప్రార్థన. అందులో ఒక క్రావడి, ఒక థ ఒత్తు, ఆ ఒత్తు పొట్టలో ఒక చుక్క. పదేళ్ళకు ఆ చుక్క, దాని చుట్టూ ఉన్న గుండ్రం కలిసిపోయి ఒకే మచ్చ అవుతుందని, అక్షరాలు పెద్దవి చేసి నెమలిని మానుకోమని సలహా ఇచ్చాడు. అంతటితో ఆగకుండా పేరు కాగితం మీద రాయించి, కింద సంతకం పెట్టమన్నాడు. స్టెన్సిల్ చర్మం మీద అద్దాక అద్దంలో కాకుండా ఫోటో తీసి చదువుకోమన్నాడు. సొంత కూతురి పేరు తండ్రికి రాదనా?

అసలు పదేళ్ళ సంగతి ఇప్పుడెందుకండీ? ఐదేళ్ళకు మించి చూడమని మనం ప్రభుత్వాలనే అడగడం లేదు, ఒక్క సూదివాడికి పదేళ్ళ ముందుచూపు దేనికి?

ఇంకో రకం అహంకారం ఉంది, అది మరీ ప్రమాదకరం. "నేను మనుషుల ముఖాలు వేయను, అక్షరాలు, గీతల డిజైన్లు వేస్తాను. పోర్ట్రెయిట్ కావాలంటే ఫలానా ఆర్టిస్టు దగ్గరికి వెళ్ళండి" అనే రకం. వచ్చిన బేరాన్ని చేతులారా పక్కవాడికి అప్పజెప్పేవాడు వ్యాపారం ఏం చేస్తాడు? మన మామూలు స్టూడియోలో అలాంటి చేతకానితనం ఉండదు. అక్కడ ఒకే కుర్రాడు దేవుణ్ణీ, హీరోనీ, పులినీ, ప్రేయసినీ వేస్తాడు, నలుగురికీ ఒకే ముక్కు. అభిమాని ఛాతీ మీద హీరో ముఖం చూసి "ఈ విలన్ ఎవరు తమ్ముడూ?" అని మనం అడగడం మన సినిమా పరిజ్ఞానం లోపమే తప్ప కళాకారుడి తప్పు కాదు. ఆ ముఖాన్ని రెండు వర్గాల అభిమానులూ మావాడు కాదంటే మావాడు కాదని అన్నప్పుడు కలిగే సామరస్యాన్ని ఎవరైనా గుర్తించారా?

ఇక శుభ్రత పిచ్చి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే దేశ సంపద వృథా అవుతున్నది ఇక్కడే.

ఈ గొప్ప స్టూడియోల్లో సూది ప్యాకెట్టు మన కళ్ళ ముందే చింపుతారు, దాని మీది ఎక్స్‌పైరీ తేదీ కూడా చూపిస్తారు. ఇంకును పెద్ద సీసాలోంచి చిన్న చిన్న కప్పుల్లోకి పోసుకుంటారు. పని అయ్యాక ఆ కప్పుల్లో మిగిలింది పారబోస్తారు. పారబోస్తారండీ! బజ్జీలు వేసిన నూనెలో మర్నాడు పూరీలు, ఆ మర్నాడు తాలింపు పెట్టే సంస్కృతి మనది. మెషీన్‌కి ప్లాస్టిక్ తొడుగు, వైరుకి తొడుగు, లైటు పిడికి తొడుగు, మనిషి మారగానే అన్నీ చెత్తబుట్టలోకి. సూదులు మాత్రం ఆ బుట్టలో వేయరు, వాటికి విడిగా గట్టి డబ్బా. ఫోన్ మోగితే ఎత్తరు, ఎత్తితే గ్లౌజులు మార్చి గానీ మళ్ళీ చెయ్యి పట్టుకోరు. మన కుర్రాడిని చూడండి. అదే గ్లౌజుతో ఫోన్ ఎత్తుతాడు, అదే గ్లౌజుతో టీ తాగుతాడు, అదే గ్లౌజుతో మన మోచేతి మీద రక్తం తుడుస్తాడు. గ్లౌజు ఉన్నది అతని చెయ్యి పాడవకుండా ఉండటానికే అని అతనికి స్పష్టత ఉంది.

పరికరాలు కడిగాక ఆటోక్లేవ్‌లో పెడతామని వాళ్ళు గర్వంగా చెబుతారు. తీరా చూస్తే అది ప్రెషర్ కుక్కర్‌కి అన్నయ్య. 121 డిగ్రీల ఆవిరి, 15 పౌండ్ల ఒత్తిడి, పదిహేను ఇరవై నిమిషాలు. విజిల్ కూడా రాదు. మన పేట స్టూడియోలోనో? నీలం లైటు వెలిగే డబ్బా ఉంటుంది, బ్యూటీ పార్లర్‌లో దువ్వెనలు పెట్టేదే. ఆ వెలుతురు పడిన చోట తప్ప పనిచేయదనీ, పరికరాన్ని పూర్తిగా క్రిమిరహితం చేయలేదనీ తెలిసినవాళ్ళు అంటారు. కానీ చూడ్డానికి ఏది ఎక్కువ సైన్సులా ఉంది? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుందని కూడా భయపెడతారు. సంక్రాంతికి వచ్చిన చుట్టం వారం ఉండటం మనకేం కొత్త?

ఉమ్మడి రాష్ట్రంలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని గోడల మీదా హోర్డింగుల మీదా రాస్తే, ఆ దెబ్బకు ఊరూరా మగాళ్ళు సెలూన్ కుర్చీలో కూర్చుని "కొత్త బ్లేడు వెయ్యి" అనడం నేర్చుకున్నారు. ఇప్పటికీ అంటారు, బ్లేడు విరిచే శబ్దం వినబడితే గానీ తల వంచరు. అదే మగాళ్ళ కొడుకులు గంటసేపు చర్మంలోకి దిగి లేచే సూదిని కొత్తదేనా అని అడగడానికి మొహమాటపడుతున్నారు. అడిగితే అన్న ఫీలవుతాడట. సంస్కారం అంటే ఇదీ.

"మా అమ్మమ్మకు ఆటోక్లేవ్ ఎవరు పెట్టారు?" అనే బ్రహ్మాస్త్రం ఒకటి ఉంది మన దగ్గర. పచ్చబొట్టు పొడిచే ఎరుకల ఆడవాళ్ళు ఊరూరా తిరిగి, మసీ పసరూ కలిపి, చుక్కలూ గీతలూ పొడిచి, గింజలో చిల్లరో పుచ్చుకుని వెళ్ళేవారు. ఆ సూది ఎన్ని చేతులు తిరిగేదో ఎవరూ లెక్క పెట్టలేదు, ఎవరికి ఏ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టినవాళ్ళూ లేరు. అయితే ఈ అస్త్రంలో ఒక చిక్కుంది, అందుకే ఎక్కువసేపు తిప్పకూడదు. ఆ పొడిచే మనిషి పనితనం ఊళ్ళో ప్రతి ముంజేతి మీదా ముప్పై ఏళ్ళుగా ఆరి, నిలిచి కనబడుతూ ఉండేది. చెయ్యి వాచి చీము పట్టినా మరుసటి ఏడు ఆమె ఆ వీధినే రావాలి. నేటి గొప్ప స్టూడియోవాడు ఏడాది, రెండేళ్ళ కిందట వేసిన టాటూల ఫోటోలు చూపిస్తానంటే మనకు చిరాకెందుకో మరి. మనకు కావలసింది వేసిన అయిదో నిమిషంలో, ఎర్రబడిన చర్మం మీద నిగనిగలాడుతుండగా, ఫిల్టరు కొట్టి, పాట పెట్టి వదిలిన రీల్. ఫాలోయర్లు ఎంతమంది? లక్షా? ఇంకేం, చెయ్యి చాపేద్దాం.

ఇంకుల విషయంలోనూ అనవసరపు రాద్ధాంతం నడుస్తోంది. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లో వేలాది రసాయనాలకు పరిమితులు పెట్టింది. 2025లో కర్ణాటక ఆరోగ్య మంత్రి, పరీక్షించిన ఇంకుల్లో 22 లోహాలు దొరికాయని ప్రకటించి, నియంత్రణ కావాలన్నారు. పంచలోహాలకే చేతులెత్తి మొక్కుతున్నాం, ఇరవై రెండు దొరికితే హారతి ఇవ్వాలి గానీ కమిటీలెందుకు? కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు చూపించే స్టూడియోలూ ఉన్నాయి. మన కుర్రాడి సీసా మీద లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది, కాబట్టి దాని మీద ఎవరూ వేలెత్తి చూపలేరు.

కొందరు ఆర్టిస్టులు మన కెరీర్‌లోకి కూడా తల దూరుస్తారు. "కానిస్టేబుల్, సీఆర్‌పీఎఫ్ లాంటివి ప్రయత్నిస్తున్నారా?" అని ముందే అడుగుతారు. కేంద్ర బలగాల నియామకాల్లో టాటూ సెల్యూట్ కొట్టని ఎడమ ముంజేతి లోపలి వైపో, అరచేతి వెనుకో ఉండాలనీ, ఆ భాగంలో నాలుగో వంతు కన్నా చిన్నగా ఉండాలనీ చెబుతారు. ఫిజికల్ పరీక్షలో పరుగంతా పూర్తిచేసి మెడికల్‌లో కుడిచేతి సింహం బయటపడినప్పుడు తెలుసుకునే థ్రిల్లును ముందే లాక్కుంటే ఎలా? పైగా టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తదానం చేయకూడదని కూడా వాళ్ళే చెబుతారు. అంటే ఛాతీ మీద హీరోను పొడిపించుకున్న అభిమాని, అదే హీరో పుట్టినరోజు రక్తదాన శిబిరానికి వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారన్నమాట. అభిమానానికి ఇంతకన్నా అన్యాయం ఉందా?

అందుచేత రెండు తెలుగు ప్రభుత్వాల ముందూ కొన్ని డిమాండ్లు పెడుతున్నాను. టాటూ ఆర్టిస్టు "కుదరదు" అనడాన్ని నేరంగా ప్రకటించాలి. చదరపు అంగుళం రేటు మీద బేరం ఆడే హక్కును వినియోగదారుల చట్టంలో చేర్చాలి, బేరం కుదరకపోతే కొసరుగా ఒక సీతాకోకచిలుక. మంచి పని చౌకగా రాదని గోడకు బోర్డు పెట్టుకున్న స్టూడియోలకు కరెంటు తీసేయాలి. లేజర్‌తో చెరిపించుకోవడానికి వేయించుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చవుతోంది. వారాల ఎడంతో విడతలు విడతలుగా తిరగాలి, నలుపు కాస్త తేలిగ్గా వదిలినా ఆకుపచ్చ, నీలం మొండికేస్తాయి. అంచేత ఆ ఖర్చుకు ఈఎంఐ సదుపాయం కల్పించాలి. జంటగా వస్తే సగం ధర అని ఫిబ్రవరి 14న ఆఫర్ పెట్టే ప్రతి స్టూడియో, బిల్లుతో పాటే లేజర్ కూపన్లు కూడా ఇవ్వాలి. ఇద్దరికీ కలిపి ఒకటి కాదు, చెరొకటి, విడివిడిగా.