‘వృథా’ నీళ్లలో ఓ నాలుక చేప

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే రాజేంద్రనగర్ దగ్గర చేప ఆకారంలో ఓ భవనం కనిపిస్తుంది. 2006లో ఏర్పాటైన జాతీయ మత్స్యాభివృద్ధి బోర్డు ఆఫీసు అది. పిల్లలు బొమ్మల్లో గీసే చేపలాగే ఉంటుంది. హైదరాబాదీకి చేపంటే అదే మరి: రవ్వ, బొచ్చె, మృగశిర కార్తె నాడు కొర్రమీను.

కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల పాయల్లో బతికే నాలుక చేపను ఆ బొమ్మలో ఇరికించలేం. గుడ్డులోంచి వచ్చినప్పుడు అదీ మామూలు పిల్లే, చెరో పక్క ఓ కన్ను. పెరిగేకొద్దీ కుడి కన్ను నెత్తి మీదుగా జరిగి ఎడమ పక్కకు చేరుతుంది. ఇక జన్మంతా ఒక పక్కకు ఒరిగి పడుకోవడమే. కింది వైపు తెల్లగా పాలిపోయి ఉంటుంది, పై వైపు అచ్చం బురద రంగు. రెండు కళ్లు మాత్రం పైకి పెట్టుకుని ఒండ్రులో కప్పబడిపోతుంది. పురుగులు, చిన్న చిన్న రొయ్యలు దాని తిండి. శాస్త్రీయ నామం సైనోగ్లాసస్, అంటే గ్రీకులో కుక్కనాలుక. మనవాళ్లు మర్యాదగా కుక్కను తీసేశారు.

వరదలు వస్తే చాలు, ఏ ఛానల్ పెట్టినా ఒకటే హెడ్‌లైన్: ‘సముద్రంలో వృథాగా కలుస్తున్న గోదావరి’. 2025లో గోదావరి వరద నీళ్లను రాయలసీమకు మళ్లించే పోలవరం-బనకచర్ల ప్రాజెక్టు మీద రగడ 200 టీఎంసీల గురించి. పోయే నీళ్లే కదా వాడుకుంటామంది ఆంధ్ర. ముందు మా వాటా తేల్చమంది తెలంగాణ. ఇన్ని గొడవల మధ్య, సముద్రంలోకి పోతే వృథాయే అన్న మాటను మాత్రం ఎవరూ కాదన్నట్టు నేను వినలేదు.

ఆ నీళ్లు పోటుతో ఎదురొచ్చే ఉప్పునీళ్లలో కలిస్తేనే పాయలో చవిటి నీరు తయారవుతుంది. వానాకాలంలో పాయ దాదాపు మంచినీళ్లే. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు మూసుకున్న వేసవిలో ఉప్పు పైకి ఎక్కుతుంది. ఈ హెచ్చుతగ్గులకు మడ చెట్లూ నాలుక చేపా ఎప్పుడో అలవాటు పడ్డాయి. ఉప్పు తగ్గాల్సిన కాలంలో తగ్గకపోతేనే టెన్షన్. పైగా చేప పడుకునే ఆ మెత్తటి ఒండ్రు కూడా నది మోసుకొచ్చేదే. దానిలో చాలా భాగాన్ని పైనున్న డ్యాములు ఇప్పటికే పట్టేసుకుంటున్నాయి.

వరదలో 200 టీఎంసీలు తీస్తే చేప చచ్చిపోతుందని నేననను. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు తాగే హైదరాబాద్‌లో కూర్చుని అలా రాస్తే నవ్విపోతారు కూడా. నా పేచీ లెక్కతోనే. మడ అడవుల కోసం కేంద్రం 2023 బడ్జెట్‌లో మిష్టీ పథకం ప్రకటించింది. మంచిదే. కానీ నాటిన హెక్టార్లు, ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం చూసి మురిసిపోతే, చెట్ల వేళ్ల కింద పాయ ఎలా ఉందో తెలియదు.

ప్రాజెక్టు నివేదికల్లో సాగుకింత, తాగునీటికింత, పరిశ్రమలకింత అని రాస్తారు. ఆ పక్కనే ఏ నెలలో ఎన్ని టీఎంసీలు ధవళేశ్వరం దాటి కిందికి వెళ్లాలో కూడా రాయాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా నెలవారీగా. ముందు ఆ అంకె తేల్చి, మిగిలిన దాన్ని మిగులు నీళ్లు అనుకుందాం. ఆ తర్వాత వాటాల కోసం రెండు రాష్ట్రాలూ ఎంతసేపు కొట్లాడుకున్నా అభ్యంతరం లేదు.