ఒక మార్కు వ్యోమగామి

మే జెమిసన్: అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ, 1992. పోటీ పరీక్షలకు ఇంతే, ఒక మార్కు. అభ్యర్థులు ఇంతకు మించి చదవొద్దని మనవి. చదివితే కప్పలు తగులుతాయి.

అసలు ఆవిడ చదువే బిట్టుకు లొంగదు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజనీరింగ్, 1981లో కార్నెల్‌లో ఎండీ. ఎంపీసీనా, బైపీసీనా? తేలలేదు. తర్వాత సియెర్రా లియోన్, లైబీరియాల్లో పీస్ కోర్ (అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవాసంస్థ) వైద్యాధికారి. 1987లో సుమారు 2000 దరఖాస్తుల్లోంచి నాసా ఏరిన 15 మందిలో ఒకరు.

ఇంత చదివిన డాక్టరమ్మ 1992 సెప్టెంబరు 12న ఎండెవర్ అనే అంతరిక్ష నౌక ఎక్కితే, అక్కడ దొరికిన పురుళ్లు ఆడకప్పలవి! హార్మోన్ సూదితో గుడ్లు పెట్టించి, ఫలదీకరణ చేయించి, కొన్నిటిని గిరగిరా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో ఉంచి భూమ్మీది బరువు కల్పించారు. కొన్నిటిని బరువు లేకుండానే వదిలేశారు. రెండు చోట్లా తోకకప్పలు పుట్టాయి. బరువు లేనిచోట పుట్టినవి మాత్రం ఊపిరితిత్తుల్లో గాలి నింపుకోలేకపోయాయి. పైకెళ్లి గాలి మింగాలంటే ముందు 'పై' అనేదొకటి ఉండాలి కదా. భూమికి తిరిగొచ్చాక సర్దుకుని మామూలు కప్పలయ్యాయి.

సెలైన్ సంగతి ఇంకా ఘోరం. కింద మన ఆస్పత్రుల్లో స్టాండుకు వేలాడదీస్తే చాలు, గురుత్వాకర్షణ అనే జీతంలేని కాంపౌండరు చుక్కలు దింపుతాడు, గాలి బుడగను పైకి తోలేస్తాడు. పైన ఆయన సెలవు. చుక్క దిగదు, నెట్టాలి. బుడగ తేలదు, ద్రవంలోనే కలిసి నరం దాకా వస్తానంటుంది. పైగా సెలైన్ సంచులు మోసుకెళ్లడం బరువు. అందుకని నౌకలోని నీటినే ఇంజెక్షన్‌కు పనికొచ్చేలా శుద్ధి చేసి, జెమిసన్, తోటి మహిళా వ్యోమగామి జాన్ (Jan) డేవిస్ కలిసి అక్కడే సెలైన్ తయారుచేసి చూశారు.

మందుబిళ్ల లేకుండా, సాధనతో గుండె వేగాన్ని అదుపు చేసి వికారం ఆపే ప్రయోగమూ ఉంది. ఘాట్ రోడ్డు బస్సులో నిమ్మకాయ వాసన చూసే మనకు అదెందుకులెండి.

చిన్నప్పుడు సైంటిస్టునవుతానంటే, నర్సు అనబోయావేమో అని టీచరు దిద్దబోయిందట. టీచరును తప్పుపట్టలేం, ఆవిడ జవాబుల కీ ఆవిడది.

వచ్చే పరీక్షకు నా బిట్టు: అంతరిక్షంలో సెలైన్ సంచిలోని బుడగ ఎటు పోతుంది? ఎ. పైకి. బి. కిందికి. సి. ఎటూ పోదు. డి. తొలి నల్లజాతి మహిళ.

కీలో 'డి' వేసినా అభ్యంతరం పెట్టను.