యువత మేలుకోవాలి, కానీ మెల్లగా

దేశానికి వెన్నెముక యువతే. ఈ మాటను మొన్న జనవరి 25న ఒక కాలేజీలో మైకు ముందు నుంచుని ఇరవై నిమిషాలు చెప్పాను. ఆ రోజు జాతీయ ఓటర్ల దినోత్సవం. ఎన్నికల సంఘం పుట్టినరోజును 2011 నుంచి ఏటా ఇలా జరుపుతున్నారు. ఇంటర్ పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశారు. రోడ్డు మీద మానవహారం కట్టారు. ఆటోలు అరగంట ఆగిపోయాయి. నాకు శాలువా కప్పి, బోండాం నీళ్ళిచ్చారు. ప్రజాస్వామ్యం బతికిపోయింది.

చిక్కల్లా ఆ పిల్లల్లో మా మేనల్లుడు ఉండడం, పైగా వినడం.

ఉపన్యాసాన్ని వినే అలవాటు మన బెజవాడలో ఎవరికీ లేదు, నాతో సహా. వీడు విన్నాడు. 17 నిండితే ఓటు నమోదుకు ముందే దరఖాస్తు చెయ్యొచ్చని కనుక్కుని ఫారం 6 నింపేశాడు. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు, 18 నిండేది జూన్‌లో కాబట్టి జులై 1 లెక్కకు వస్తానని నాకే పాఠం చెప్పాడు. అక్కడితో ఆగితే ముచ్చటే, స్టేటస్‌లో పెట్టుకునేవాణ్ణి.

మా సత్యనారాయణపురం వీధి సైడు కాలవలో పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు, బిల్లు ఎంతయింది అంటూ సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. 30 రోజుల్లో జవాబివ్వాలట. 2005 నాటి చట్టం, వాడు పుట్టకముందే ఉంది. మనం ఒక్కసారీ వాడకుండా ఎంత కొత్తగా దాచిపెట్టాం! సాయంత్రానికే అక్కణ్ణుంచి ఫోను: "మీ పిల్లాడే గదండీ? అర్జీ ఇస్తే ఇచ్చాడు, మధ్యలో రసీదెందుకండీ?"

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమైంది. ఓటుకు 18 ఏళ్ళు (1989కి ముందు 21 ఉండేది, ఎంత ప్రశాంతంగా ఉండేది!), కార్పొరేటర్‌గా పోటీకి 21, ఎమ్మెల్యేకి 25. కాలవ గురించి అడగడానికి ఎంతో రాజ్యాంగం చెప్పలేదు. ఆ లోటును మా అసోసియేషన్ పూడ్చి, 45గా తీర్మానించింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? ముందు ఎంసెట్ సంగతి చూడు" అన్నారు ప్రెసిడెంటు గారు.

నిజానికి వీడు చెడింది 2024 సెప్టెంబరులో. బుడమేరు వాగు ఊరి మీద పడ్డప్పుడు సింగ్‌నగర్‌లో నడుంలోతు నీళ్ళల్లో పాలప్యాకెట్లు మోశాడు. అప్పుడు ఎంసెట్ మాట ఎవరమూ ఎత్తలేదు, యువశక్తి అన్నాం. బురద కడగడం అయ్యాక అందరం ఇళ్ళకొచ్చాం. వీడు మాత్రం నీళ్ళు ఎందుకొచ్చాయని అడగడం మొదలెట్టాడు. మొయ్యమంటే మొయ్యాలి గానీ, ఇదేం పద్ధతి?

కుర్రకారుకు బాధ్యత లేదని నేను రాసిన వ్యాసాలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. 2024 మే 13న హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు బస్సు దొరక్క, టోల్‌గేట్ల దగ్గర కార్లు కదలక, దాదాపు 270 కిలోమీటర్లు తంటాలు పడి వచ్చి ఓట్లేశారు. రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటింది. ఆ ఏడాది వ్యాసం నష్టపోయాను. నా ఓటు ఇంకా గుంటూరు బ్రాడీపేటలోనే ఉంది. ముప్పై అయిదు కిలోమీటర్లు, ఎండ చూస్తే మే నెల ఎండ. ఇంట్లో కూర్చుని ఓటు పవిత్రత మీద టీవీ చర్చ చూశాను.

ఈ సంగతి వాడికి ఎవరు చెప్పారో (మా ఆవిడే), నిన్న పొద్దున్నే నా కాఫీ పక్కన ఫారం 8 పెట్టాడు.

"చిరునామా మార్పుకి ఇదే మామయ్యా. అంతా నింపాను, సంతకం పెట్టు చాలు."

ముందు ఎంసెట్ సంగతి చూడమన్నాను.