ఒబామాకేర్‌: బిల్లు తగ్గలేదు, కట్టేవాళ్లే మారారు

2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. ఒబామాకేర్‌ అనే ఆరోగ్య బీమా చట్టం కింద ఇస్తున్న అదనపు సబ్సిడీల గడువు పొడిగించాలా వద్దా అన్నదే ప్రధానమైన తగాదా. చివరికి పొడిగింపు లేకుండానే ఆఫీసులు తెరిచారు, డిసెంబరు 31తో ఆ సబ్సిడీలు ఆగిపోయాయి. అన్ని రోజులూ రెండు పార్టీలు కొట్టుకున్నది ప్రీమియంలో ఎవరి వాటా ఎంత అన్నదాని మీద. అసలు ఆ ప్రీమియం అంత ఎందుకైందని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 2010 మార్చి 23న బరాక్‌ ఒబామా సంతకం పెట్టిన ఆ చట్టం కూడా ఆ ప్రశ్నను అలాగే పక్కన పెట్టింది.

ఒప్పుకోవాల్సినవి ముందే ఒప్పుకుందాం. పాత జబ్బు ఉందని పాలసీ ఇవ్వకపోవడం, జీవితకాల పరిమితి దాటిందని క్యాన్సర్‌ రోగిని చికిత్స మధ్యలో వదిలేయడం ఈ చట్టంతో ఆగాయి. పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల పాలసీలో ఉండొచ్చు. 2010లో జనాభాలో 16 శాతానికి బీమా లేదు. 2023 నాటికి అది 8 శాతం దరిదాపులకు దిగింది. ‘డెత్‌ ప్యానెల్స్‌’ అంటూ, అంటే ఎవరికి వైద్యం ఆపాలో ప్రభుత్వ కమిటీలు తేలుస్తాయంటూ, అప్పట్లో ఊదరగొట్టిన ప్రచారం పచ్చి అబద్ధం. అయితే 2008 ఎన్నికల ప్రచారంలో ఒబామా ఇంకో మాట కూడా ఇచ్చారు, సగటు కుటుంబానికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా మిగులుతుందని. ఉద్యోగం ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 2010లో 13,770 డాలర్లు ఉంటే 2025లో 26,993 డాలర్లయింది. వైద్య ఖర్చు పెరిగే వేగం మునుపటి దశాబ్దాలతో పోలిస్తే నెమ్మదించిందని సమర్థకులు అంటారు. అది నిజమే. కానీ జనానికి చెప్పింది వేగం తగ్గుతుందని కాదు, బిల్లు తగ్గుతుందని.

చట్టం పాసవడానికి వాడిన లెక్కలోనే కిటుకుంది. బీమా విస్తరణకు పదేళ్లలో 93,800 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, అయినా మొత్తం మీద లోటు 14,300 కోట్లు తగ్గుతుందని కాంగ్రెస్‌ బడ్జెట్‌ ఆఫీసు అంచనా వేసింది. ఆ పదేళ్లు 2010 నుంచి 2019 దాకా. పన్నులు, మెడికేర్‌ (65 దాటినవాళ్ల ప్రభుత్వ బీమా) కోతలు ముందే మొదలవుతాయి, సబ్సిడీలు, మెడికెయిడ్‌ (పేదల ప్రభుత్వ బీమా) విస్తరణ మాత్రం 2014లో వస్తాయి. అంటే పదేళ్ల రాబడి పక్కన ఆరేళ్ల ఖర్చు పెట్టి చూపించారు. పైగా ఆ పొదుపులో సుమారు 7,000 కోట్లు క్లాస్‌ అనే దీర్ఘకాల సంరక్షణ పథకానివి. ఐదేళ్లు ప్రీమియం కట్టాకే అందులో ప్రయోజనం మొదలవుతుంది కాబట్టి, తొలి పదేళ్లలో అది లాభంలో కనబడుతుంది. ఆ పథకం నిలబడదని ఒబామా ప్రభుత్వమే 2011 అక్టోబరులో చేతులెత్తేసింది. 2013 జనవరిలో దాన్ని రద్దు చేశారు. మెడికేర్‌ చీఫ్‌ యాక్చువరీ (ఖర్చుల అంచనాలు వేసే అధికారి) రిచర్డ్‌ ఫోస్టర్‌ 2010 ఏప్రిల్‌లోనే హెచ్చరించారు. ఈ చట్టం వల్ల దేశ వైద్య వ్యయం పదేళ్లలో తగ్గకపోగా 31,100 కోట్ల డాలర్లు పెరుగుతుందని ఆయన లెక్క తేల్చారు. మెడికేర్‌ చెల్లింపుల కోత అలాగే సాగితే ఆసుపత్రుల వంటి సంస్థల్లో దాదాపు 15 శాతం నష్టాల్లోకి జారుతాయని కూడా రాశారు. 

ఇక అసలు కథ. ఖర్చుకు కళ్లెం వేసే భాగాలు చట్టంలో లేకపోలేదు. ఖరీదైన ఉద్యోగ బీమాల మీద 40 శాతం ‘క్యాడిలాక్‌ ట్యాక్స్‌’ ఉండేది. ఒంటరికి 10,200, కుటుంబానికి 27,500 డాలర్లు దాటిన మొత్తం మీద పడాలి. ఆర్థికవేత్తలు బాగా మెచ్చుకున్న భాగం అదే. దాని అమలును 2018కి పెట్టారు, అంటే ఒబామా రెండోసారి గెలిచినా గద్దె దిగాక. 2018 వచ్చేలోపే 2020కి, ఆ తర్వాత 2022కి జరిపి, 2019 డిసెంబరులో ఎత్తేశారు. వైద్య పరికరాల మీద 2.3 శాతం పన్నూ అప్పుడే పోయింది. మెడికేర్‌ ఖర్చు గీత దాటితే కోతలు సూచించడానికి 15 మంది సభ్యుల బోర్డు ఒకటి కాగితం మీద ఉండేది. దానికి ఒక్క సభ్యుణ్నీ నియమించకుండానే 2018 ఫిబ్రవరిలో రద్దు చేశారు. బీమా లేనివాళ్లకు జరిమానా 2016కి 695 డాలర్లు లేదా ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. 2017 డిసెంబరు పన్ను చట్టం ఆ జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. నొప్పి కలిగించే ప్రతి భాగాన్నీ వాయిదా వేసి రాస్తే, వాయిదా అయ్యేలోపు దాన్ని తీసేయించడానికి లాబీలకు కావల్సినంత వ్యవధి దొరుకుతుంది. పంచిపెట్టే భాగం జోలికి మాత్రం ఎవరూ రారు.

మిగిలిన పన్నుల్లో మన ఐటీ కుటుంబాలకు తెలియకుండానే తగులుతున్నవి రెండు. ఒంటరికి 2 లక్షలు, దంపతులకు రెండున్నర లక్షల డాలర్లు దాటిన జీతం మీద 0.9 శాతం అదనపు మెడికేర్‌ పన్ను, అదే గీత దాటినవాళ్ల పెట్టుబడి ఆదాయం మీద 3.8 శాతం. 2013లో మొదలయ్యాయి. ఆదాయ పన్ను శ్లాబులు ఏటా ద్రవ్యోల్బణంతో కదులుతాయి, ఈ గీతలు మాత్రం కదలవు. ధనికుల పన్ను అని పేరు పెట్టిన దాంట్లో ఇప్పుడు ఇద్దరు సీనియర్‌ ఇంజినీర్ల జంట సులువుగా పడుతుంది.

ఉద్యోగ బీమా లేనివాళ్లు పాలసీ కొనుక్కునే మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ ఎలా లెక్క కడతారో చూస్తే ఖర్చు ఎందుకు ఆగదో అర్థమవుతుంది. మీ కౌంటీలో, మీ వయసుకు, రెండో అతి చవకైన సిల్వర్‌ (బ్రాంజ్‌కి, గోల్డ్‌కి మధ్య స్థాయి) ప్లాన్‌ ప్రీమియం ఎంతో చూస్తారు. అది కొలబద్ద. మీ ఆదాయాన్ని బట్టి మీరు కట్టగలిగే శాతం నిర్ణయిస్తారు. కొలబద్ద ధరలో నుంచి ఆ వాటా తీసేయగా మిగిలింది సబ్సిడీ. ప్రీమియం వెయ్యి పెరిగితే సబ్సిడీ కూడా వెయ్యి పెరుగుతుంది. సబ్సిడీ అందేవారి జేబుకు తేడా తెలియదు, కంపెనీకి బేరం పోతుందన్న భయం లేదు, తేడా అంతా ఖజానా భరిస్తుంది. సబ్సిడీ లేనివాళ్లకు మాత్రం మొత్తం వాత పడుతుంది. ఫెడరల్‌ వెబ్‌సైట్‌ వాడే రాష్ట్రాల్లో వ్యక్తిగత పాలసీల సగటు నెల ప్రీమియం 2013లో 232 డాలర్లుంటే 2017కి 476 అయిందని ఆరోగ్య శాఖే లెక్క చెప్పింది. పాత పాలసీల్లో ప్రసూతి ఉండేది కాదు, జబ్బున్నవాళ్లకు చోటుండేది కాదు కాబట్టి ఇది నేరుగా పోల్చదగ్గది కాదన్న వాదనలో బలముంది. అయినా పూర్తి ధర కట్టే చిన్న వ్యాపారికి ఆ వాదన ఊరట ఇవ్వదు.

సబ్సిడీకి మొదట్లో ఒక ఆదాయ గీత ఉండేది, అది దాటితే పైసా రాదు. 2021లో కోవిడ్‌ సాయం పేరిట ఆ గీతను చెరిపేసి, ఎంత సంపాదించినా కొలబద్ద ప్రీమియం ఆదాయంలో 8.5 శాతం దాటకుండా చూశారు. 2026 జనవరి నుంచి పాత గీత మళ్లీ వచ్చింది. పేదరిక రేఖకు నాలుగు రెట్లు, అంటే ఒంటరికి 62,600 డాలర్లు. అరవై ఏళ్ల స్వయం ఉపాధి మనిషిని తీసుకోండి. ఆయనకు సిల్వర్‌ కొలబద్ద ఏడాదికి 14,000 డాలర్లు అనుకుందాం. ఆదాయం 62,000 అయితే 9.96 శాతం చొప్పున ఆయన వాటా 6,175, మిగతా 7,825 సబ్సిడీ. ఆదాయం 63,000 అయితే సబ్సిడీ సున్నా. వెయ్యి డాలర్లు ఎక్కువ సంపాదించినందుకు 7,825 పోయాయి. ఏడాదంతా నెలనెలా ముందస్తుగా సబ్సిడీ తీసుకుని, డిసెంబరులో ఒక ఇన్వాయిస్‌ డబ్బులొచ్చి గీత దాటితే, మరుసటి ఏడాది ఫారం 8962 నింపేటప్పుడు అదంతా తిరిగి కట్టాలి. గీత లోపల ఉన్నవాళ్లకు ఇదివరకు తిరుగు చెల్లింపు మీద ఒక పరిమితి ఉండేది. 2025 జులై 4న వచ్చిన వన్‌ బిగ్‌ బ్యూటిఫుల్‌ బిల్‌ చట్టం 2026 పన్ను సంవత్సరం నుంచి దాన్నీ తీసేసింది.

బయటపడే దారి ఒకటుంది. ఆ 2025 చట్టం వల్లే 2026 నుంచి బ్రాంజ్‌ ప్లాన్లన్నీ హెచ్‌ఎస్‌ఏకి, అంటే పన్ను లేకుండా వైద్యానికి దాచుకునే ఖాతాకి, అర్హం. ఏడాదంతా బ్రాంజ్‌లో ఉన్న 55 దాటిన ఒంటరి మనిషి 4,400కి మరో 1,000 కలిపి 5,400 డాలర్లు అందులో వేయొచ్చు, అదీ మరుసటి ఏప్రిల్‌ గడువు దాకా. ఆదాయం 66,000 ఉన్నా లెక్కలో 60,600కి దిగుతుంది, సబ్సిడీ నిలుస్తుంది. రోత్‌ కన్వర్షన్‌ (రిటైర్మెంట్‌ డబ్బును పన్ను కట్టి రోత్‌ ఖాతాకు మార్చడం) చేసేవాళ్లు, పన్ను పడదులే అనుకుని సోషల్‌ సెక్యూరిటీ పింఛనును ఈ లెక్కలో వదిలేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. పన్ను పడని సోషల్‌ సెక్యూరిటీ కూడా ఇక్కడ ఆదాయమే. ఒక మామూలు పౌరుడు ఆరోగ్య బీమా నిలుపుకోవడానికి ఇంత పన్ను విద్య నేర్చుకోవాల్సి రావడం కూడా ఒబామాకేర్‌ ఖర్చులోకే వస్తుంది.

కింది కొసన ఉన్న గొయ్యి ఇంకా దారుణం. పేదరిక రేఖ దిగువన ఉన్నవాళ్లందరూ మెడికెయిడ్‌లోకి వెళ్తారన్న ధీమాతో, రేఖ పైవాళ్లకే సబ్సిడీ రాశారు. 2012 జూన్‌ 28న సుప్రీంకోర్టు మెడికెయిడ్‌ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సస్‌, ఫ్లోరిడా, జార్జియా సహా పది రాష్ట్రాలు ఇప్పటికీ విస్తరించలేదు. టెక్సస్‌లో పిల్లలు లేని ఒంటరి మనిషి 16,000 డాలర్లు సంపాదిస్తే ఏడాదికి 336 డాలర్లకు కొలబద్ద సిల్వర్‌ ప్లాన్‌ దొరుకుతుంది. 14,000 సంపాదిస్తే ఏమీ దొరకదు.

సిల్వర్‌ లోడింగ్‌ అనే తమాషా కూడా చెప్పుకోవాలి. తక్కువ ఆదాయం వాళ్లకు సిల్వర్‌ ప్లాన్‌లో డిడక్టబుల్‌ (బీమా మొదలయ్యే ముందు రోగి సొంతంగా కట్టే మొత్తం) తగ్గించాలని చట్టం కంపెనీలను ఆదేశించింది. ఆ తేడా ప్రభుత్వం ఇస్తుందంది. డబ్బు మాత్రం కేటాయించలేదు. 2017 అక్టోబరులో ట్రంప్‌ ఆ చెల్లింపులు ఆపారు. కంపెనీలు ఆ భారాన్నంతా సిల్వర్‌ ప్రీమియం మీద వేశాయి. సిల్వర్‌ కొలబద్ద కాబట్టి సబ్సిడీలన్నీ ఉబ్బాయి. కొన్నిచోట్ల గోల్డ్‌ ప్లాన్‌ సిల్వర్‌ కంటే చవకైంది. పొదుపు అనుకుని చేసిన ఈ పని పదేళ్లలో లోటును 19,400 కోట్ల డాలర్లు పెంచుతుందని బడ్జెట్‌ ఆఫీసు రెండు నెలల ముందే చెప్పింది. చట్టం రాసినవాళ్ల అజాగ్రత్త, దాన్ని కూలదొయ్యాలనుకున్నవాళ్ల తొందర కలిస్తే బిల్లు పన్ను కట్టేవాడికి వచ్చింది.

కంపెనీల లాభానికి హద్దు పెట్టామని గొప్పగా చెప్పుకునే 80:20 నిబంధన సంగతీ అంతే. వ్యక్తిగత పాలసీల ప్రీమియంలో 80 శాతం, పెద్ద గ్రూపుల్లో 85 శాతం వైద్యానికి ఖర్చు పెట్టాలి, లేదంటే వెనక్కివ్వాలి. వినడానికి బాగుంది. కానీ వందలో ఇరవై తీసుకోవడం కంటే రెండొందల్లో ఇరవై శాతం తీసుకోవడం ఎవరికైనా ముద్దే. ఆసుపత్రి రేటు పెంచితే గట్టిగా బేరమాడాల్సిన అవసరం ఇన్సూరెన్స్‌ కంపెనీకి తగ్గింది. పెద్ద కంపెనీలు క్లినిక్‌లు, ఫార్మసీలు కొనేశాయి. సొంత క్లినిక్‌కి కట్టిన డబ్బు కూడా ‘వైద్య ఖర్చు’ పద్దులోకే పోతుంది.

వలస వచ్చినవాళ్లకు 2027 జనవరి 1 ముఖ్యమైన తేదీ. ఆ రోజు నుంచి పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, మరికొన్ని చిన్న వర్గాలు తప్ప మిగతావారికి సబ్సిడీ రాదు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోయి మార్కెట్‌ప్లేస్‌కి వచ్చే కుటుంబం పూర్తి ప్రీమియం కట్టుకోవాల్సిందే. గ్రీన్‌కార్డు మీద వచ్చిన 65 దాటిన అమ్మానాన్నలకు సొంత పని రికార్డు లేకపోతే ఐదేళ్లు నివాసం నిండేదాకా మెడికేర్‌ కొనుక్కునే వీలుండదు. అప్పటిదాకా మార్కెట్‌ప్లేసే దిక్కు. కొడుకు పన్ను రిటర్న్‌లో వాళ్లను డిపెండెంట్లుగా చూపిస్తే, సబ్సిడీ లెక్కకు ఆ ఇంటి మొత్తం ఆదాయం వస్తుంది. డిపెండెంట్‌ క్రెడిట్‌ కొద్ది వందల డాలర్లే కాబట్టి, చూపించే ముందు రెండు లెక్కలూ వేసుకోవాలి.

ధరల దగ్గరికి వస్తే చట్టం చేసింది దాదాపు శూన్యం. డాక్టర్లే యజమానులుగా ఉండే ఆసుపత్రులు కొత్తగా మెడికేర్‌లో చేరకుండా, పాతవి విస్తరించకుండా ఆంక్షలు పెట్టింది. పెద్ద ఆసుపత్రుల సంఘాలకు కావల్సింది అదే. ఆసుపత్రి కొనేసిన క్లినిక్‌లో అదే డాక్టరు, అదే గది, అదే పరీక్ష, బిల్లులో మాత్రం ‘ఫెసిలిటీ ఫీజు’ అదనం. 2015 నవంబరులో మెడికేర్‌ వరకు దీన్ని కొంత కట్టడి చేశారు, అదీ అప్పటికే ఉన్న క్లినిక్‌లను చాలావరకు మినహాయించి.

వేరే దారి లేదనడానికి వీల్లేదు. వాషింగ్టన్‌ పక్కనే ఉన్న మేరీల్యాండ్‌లో ఆసుపత్రి రేట్లను 1970ల నుంచి రాష్ట్ర కమిషనే నిర్ణయిస్తోంది. మెడికేర్‌ కట్టినా, ప్రైవేటు కంపెనీ కట్టినా, కార్డు లేని మనిషి కట్టినా దాదాపు ఒకటే రేటు. 2014 నుంచి ఒక్కో ఆసుపత్రికి ఏడాది బడ్జెట్‌ ముందే కట్టి, తలసరి ఆసుపత్రి ఖర్చు ఏటా 3.58 శాతం కంటే పెరగకూడదని షరతు పెట్టారు. ఆసుపత్రుల వ్యవస్థేం కూలిపోలేదు. చట్టం రాసిన కాపిటల్‌ హిల్‌ నుంచి ఆ రాష్ట్రం సరిహద్దు కొద్ది మైళ్లే.